అజమత్ పేరు మీద

జూన్ 3, 2025. మంగళవారం

బీపీ నూట డెబ్భై. డాక్టరు ఉప్పు మానమన్నాడు, కోపం మానమన్నాడు. ఉప్పు మానగలను. అమూల్య ఈ డైరీ చేతిలో పెట్టి, "నా మీద, పనివాళ్ళ మీద అరిచే బదులు ఇందులో అరవండి" అంది. భార్య అన్నాక ఆ మాత్రం వెటకారం ఉంటుంది. సరే, అరుస్తాను.

ఇవాళ భూమి కాగితాల పని మీద వికారాబాద్ పోయాను. ఆఫీసులో సారు రాలేదు. మా పన్నుల లెక్కలు చూసే బాలస్వామి కూడా వెంట ఉన్నాడు. ఇద్దరం పెద్దాసుపత్రి ఎదురుగా హోటల్లో కూర్చున్నాం. ఓపీ చీటీల వరుస గేటు దాకా ఉంది. ఒకామె వరుసలో తన చెప్పులు పెట్టి, గోడ నీడన కూర్చుని పిల్లకు బిస్కెట్లు తినిపిస్తోంది. ఆ డాక్టర్లు, ఆ మందులు, ఆ గోడకు కొట్టిన కొత్త రంగు, అంతా ఎవరి డబ్బు? నాది. తాండూరు దుమ్ము తిని, బండలు కోయించి, పాలిష్ పట్టించి అమ్మి నేను కట్టిన పన్ను. వాళ్ళు కట్టింది సున్నా. అదే అన్నాను.

బాలస్వామి చాయ్ ఊదుకుంటూ, "సేట్, గా బిస్కెట్ పుడ మీద గూడ పన్నుంటది. గా చెప్పుల మీద గూడ. మనం కట్టేదేముంది? బండలు కొన్నోడు ఇస్తడు, మనం అటు పంపుతం. గది గూడ అంతా పంపుతమా?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. జీతం ఇచ్చేవాడి ముందు మాట్లాడే మాటలా అవి!

అమ్మకు పోయిన ఏడాది గుండెలో రెండు స్టెంట్లు వేయించాం. హైదరాబాద్‌లో ప్రైవేటు ఆసుపత్రి, ఆరోగ్యశ్రీ మీద. రూపాయి పడలేదు. అమ్మను వేరే కుటుంబంగా చూపించి తెల్లకార్డు తీయించింది బాలస్వామే. అది తప్పంటే నేను ఒప్పుకోను. ఇన్నేళ్ళు కట్టినవాణ్ణి, కొంచెం వెనక్కి తీసుకున్నాను.

జూన్ 5

అరవలేదు. ఉప్పు తిన్నాను.

జూన్ 20. శుక్రవారం

ఇవాళ జీఎస్టీ రిటర్ను. ప్రతినెలా ఇదే తంతు. బాలస్వామి కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, ఓటీపీ పోయి అజమత్ ఫోనుకు వస్తుంది. అజమత్ పాలిష్ మిషన్ ఆపి, చేతులు లుంగీకి తుడుచుకుని, అంకెలు ఒక్కొక్కటే అక్కడి నుంచే గట్టిగా చెబుతాడు. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. పద్దెనిమిదేళ్ళుగా నా దగ్గర ఉన్న మనిషి.

ఆరేళ్ళ కింద ఫర్మ్ అతని పేరు మీద తీశాం. ఆధార్ అతనిది, పాన్ అతనిది, బ్యాంకు ఖాతా అతనిది. ఉర్దూలో సంతకాలు పెట్టిన చెక్కుబుక్కు నా బీరువాలో. కాగితం మీద నాకేమీ లేదు. తాండూరులో నేనొక్కణ్ణే చేశానా? ఎవరి పేరు పడితే వాళ్ళ పేరు పెట్టలేం, నమ్మకం ఉండాలి. సొంత తమ్ముడి పేరు పెట్టలేదు, అజమత్ పేరు పెట్టాను. అంత గౌరవం ఇచ్చాను.

పోయిన ఏడాది తన గదికి బండలు నా దగ్గరే కొన్నాడు. పన్ను కలిపే తీసుకున్నాను. పనివాడని వదిలితే రేపు అందరూ అడుగుతారు. బిల్లు అతను అడగలేదు, నేను ఇవ్వలేదు. ఆ పన్ను ఎటు పోయిందో రాయాల్సిన పని లేదు.

జూలై 8. మంగళవారం

అజమత్ వారం సెలవు అడిగాడు. కరణ్‌కోట కాంట్రాక్టరుకు పదిహేనో తారీకులోగా సరుకు పంపాలి, ఇప్పుడే అడగాలా? అరిచాను. తల వంచుకునే భార్య సంగతి చెప్పాడు.

"జహీరాకు దమ్ము ఆడుతలేదు సేట్. నాలుగు మెట్లెక్కితే కూసుంటుంది. వికారాబాద్ల సూపిచ్చిన. చిన్నప్పుడు కీళ్ళ జొరమొచ్చిందంట, గుండె కవాటం ఖరాబైందంట. హైదరాబాద్ తీస్కపోయి ఆపరేషన్ జేపియ్యాలె, ఆలస్యమైతే బతకదన్నరు."

అప్పటికి మెత్తబడ్డాను. నేను రాక్షసుణ్ణి కాదు. "కార్డు ఉంది కదా, ఆరోగ్యశ్రీ మీద అయిపోతుంది. మా అమ్మకు అక్కడే అయింది. పో" అని ఆసుపత్రి పేరు నేనే చెప్పాను. రెండు చేతులూ పట్టుకున్నాడు. చేతులు రాతిబురదతో చల్లగా ఉన్నాయి.

ఇంటికొచ్చి అమూల్యతో అన్నాను, చూడు, చివరికి మనం కట్టిన పన్నుతోనే అజమత్ భార్యకు ఆపరేషన్. మనసుకు హాయిగా అనిపించింది.

జూలై 15. మంగళవారం

అజమత్ తిరిగొచ్చాడు. ఆపరేషన్ కాలేదు.

"కార్డు పోయిందంట సేట్. ఆడ ఆరోగ్యమిత్ర పిల్ల కంప్యూటర్ల చూసి, నువ్వు యాపారస్తుడివి, నీకు కోట్ల యాపారముంది, అందుకే రేషన్ కార్డు తీసేసిన్రు అంటది. నేనన్న, అమ్మా, నేను బండలు పాలిష్ పడ్త అని. నా చేతులు గూడ సూపిచ్చిన. ఏదో తప్పు పడ్డట్టున్నది సేట్. జర మీరు మాట్లాడుండ్రి."

నాకు వెంటనే అర్థమైంది. జీఎస్టీ ఉన్నవాళ్ళ కార్డులు ఏరి తీసేస్తున్నారని బాలస్వామి ఏప్రిల్లోనే చెప్పాడు.

"కంప్యూటర్ తప్పయి ఉంటుంది. నేను మాట్లాడతాను" అన్నాను.

జూలై 16

కంప్యూటర్ తప్పే అయి ఉండొచ్చు.

జూలై 17. గురువారం

బాలస్వామిని తలుపు వేసి కూర్చోబెట్టి అడిగాను. చాలా తేలికగా చెప్పాడు.

"ఒక్క కాగితం సేట్. గీ ఫర్మ్ నాది, అజమత్ నా దగ్గర కూలోడు అని మీరు రాసిచ్చి సంతకం పెడితే, కార్డు మళ్ళొస్తది. ఆమెకు ఆపరేషనైతది."

"నాకు?"

"మీకు ఆరేండ్లది తిరగతోడ్తరు. బిల్లు లేకుంట పోయిన సరుకంతా బయటవడ్తది. పన్ను, వడ్డీ, జుర్మానా. కేసు గూడ పెట్టొచ్చు. అమ్మగారి కార్డు సంగతి గూడ అడుగుతరు."

"వేరే దారి?"

"హైదరాబాద్ల సర్కారు దవాఖానల వరుసల పేరు రాపిచ్చిండట. అక్టోబర్ అన్నరట. ఆమె ఆగితే మంచిదే."

ఆగుతుంది. మనిషి గట్టిదే. మొన్న పీరీల పండగకు మా ఇంటికి మలీదా తెచ్చింది.

జూలై 18

ఇవాళ ఐమన్ వచ్చింది, అజమత్ కూతురు. డిగ్రీలో బీకాం చదువుతోంది. చిన్నప్పుడు ఫ్యాక్టరీలో బండల మీద చాక్‌పీసుతో రాసుకుంటూ కూర్చునేది. ఆఫీసులోకి వచ్చి, కూర్చోమనకముందే కూర్చుంది. ఫోను నా ముందు పెట్టింది. మా బిల్లు మీది జీఎస్టీ నంబరు కొడితే యజమాని పేరు వస్తుందట. వచ్చింది. మహమ్మద్ అజమత్.

"సార్, గీ ఫ్యాక్టరీ మా అబ్బాదా?"

"అవన్నీ వ్యాపారంలో ఉండే పద్ధతులు. నీకు తెలియవు."

"నాకు తెలుసు సార్, మాకు పాఠమే ఉన్నది. నేను కేసు పెడ్తనని రాలే. ఒక్క కాగితం రాసియ్యుండ్రి. మా అమ్మీ సచ్చిపోతది."

ఆ పిల్ల ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. చెప్పాల్సింది చెప్పాను. సంతకాలన్నీ మీ అబ్బావి. ఆరేళ్ళలో తప్పు జరిగిందంటే ఆ తప్పు చేసింది మీ అబ్బా. కాగితం బయటికి వస్తే ముందు జైలుకు పోయేది ఆయనే. ఆలోచించుకో.

ఆ పిల్ల మొహం తెల్లబోయింది. నేను భయపెట్టలేదు. చట్టం చెప్పాను.

జూలై 19

అజమత్ వచ్చి కూతురి తరఫున మాఫీ అడిగాడు. "చిన్నపిల్ల సేట్, పరేషాన్ల ఏదో మాట్లాడింది. మనసుల పెట్టుకోకుండ్రి." నాకు సిగ్గేసింది. ఈ మాట రాయకూడదనుకున్నాను, రాశాను. కరణ్‌కోట సరుకు డబ్బు రాగానే ఆపరేషన్ నేనే చేయిస్తానన్నాను. అన్నప్పుడు నిజంగానే అన్నాను.

జూలై 25

వచ్చే వారం చూద్దామన్నాను.

ఆగస్టు 1

వచ్చే వారం.

ఆగస్టు 6. బుధవారం

ఈరోజు జరిగింది రాయకపోతే నిద్ర పట్టదు.

అమ్మను చెకప్‌కు హైదరాబాద్ తీసుకుపోయాను. అదే ఆసుపత్రి. మందులు కార్డు మీదే ఇస్తారు. ఆరోగ్యమిత్ర బల్ల ముందు అమ్మ పేరు, ఇంద్రమ్మ, అని పిలిచారు. లేచేసరికి పక్క బెంచీ మీద అజమత్, జహీరాబీ. మళ్ళీ అడిగి చూద్దామని వచ్చారట. ఆమెను చూసి నేను గుర్తుపట్టలేదు. కాళ్ళు ఉబ్బి చెప్పులు పట్టక చేతిలో పెట్టుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

అంత ఆయాసంలోనూ లేవబోయి అమ్మకు సలాం చేసింది. "మంచిగున్నరా అమ్మా?"

అమ్మకు ఏమీ తెలియదు. ఆమె పక్కనే కూర్చుని చేయి పట్టుకుని, "నాకు ఈడనే అయింది బిడ్డా. కార్డు మీదనే. పైస పట్టలే. మంచిగ చూసిన్రు. నువ్వేం ఫికర్ చెయ్యకు, నీది గూడ కార్డు మీద చేస్తరు" అంది.

జహీరాబీ నా వంక చూసింది. తిడితే తట్టుకునేవాణ్ణి. అర్థం కానట్టు చూసింది. అమ్మ చేతిలో కార్డు చూసి, మెడలో నాలుగు పేటల బంగారు గుండ్లు చూసి, మళ్ళీ నన్ను చూసింది. తర్వాత అమ్మతో, "అల్లా మిమ్ముల సల్లగ సూడాలె అమ్మా" అంది. అజమత్ నేల చూస్తున్నాడు.

మేము మందులు తీసుకుని వచ్చేశాం. వాళ్ళకు లేదన్నారు.

కారులో అమ్మ, "మనకొచ్చిన కార్డు ఆమెకెందుకు రాలేదురా మహీ?" అంది. కంప్యూటర్ తప్పని చెప్పాను. శంకర్‌పల్లి దాటేదాకా చేతిలో కార్డు తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత, "నాది ఆమెకియ్యరాదు?" అంది. నవ్వి ఊరుకున్నాను. ముసలివాళ్ళకు ఏం తెలుసు.

ఆగస్టు 11. సోమవారం

తండ్రీ కూతుళ్ళిద్దరూ వికారాబాద్ కలెక్టరేట్‌లో ప్రజావాణికి పోయి దరఖాస్తు ఇచ్చారట. నా పేరు రాయలేదట, కార్డు పోయిందని మాత్రమే రాశారట. అయినా విచారణకు వస్తారు. వచ్చేది ఫ్యాక్టరీకే.

పద్దెనిమిదేళ్ళు అన్నం పెట్టాను. వీపు వెనక దరఖాస్తులా? బీపీ నూట ఎనభై. నాకేమైనా అయితే ఎవరు దిక్కు?

ఆగస్టు 18. సోమవారం

రేపే విచారణ. బాలస్వామి చెప్పినట్టే అజమత్ ఇంటికి పోయాను. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి. ఒకటే గది. జహీరాబీ పడుకోలేదు, పడుకుంటే ఊపిరి ఆడదట. గోడకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"అజమత్, రేపు వాళ్ళు అడిగితే ఫర్మ్ నాదే అని చెప్పు. ఇక ముందు ఎవరు అడిగినా అదే చెప్పు. కార్డుతో పనేముంది? ఎల్లుండే హైదరాబాద్ పోదాం. మొత్తం నా డబ్బుతో చేయిస్తాను."

ఐమన్ అడ్డం వచ్చింది. "వద్దు అబ్బా. ఒక్కసారి నీదే అని సంతకం పెడితే ఇగ కార్డు ఎన్నటికి రాదు."

"సేట్ మాటిస్తున్నడు కద బేటీ."

"రాసిమ్మను."

అజమత్ కూతుర్ని మొదటిసారి గద్దించాడు. తర్వాత నాతో, "మీ మాట చాలు సేట్" అన్నాడు. జహీరాబీ తలాడించింది. నాకు చాయ్ ఇచ్చారు. తాగాను.

ఇస్తాను. ఈసారి తప్పకుండా ఇస్తాను.

ఆగస్టు 19

విచారణకు వచ్చిన అధికారి మర్యాదస్తురాలు. ఫ్యాక్టరీ అంతా తిరిగింది. మిషన్ ఆపించి అజమత్‌ను పిలిచింది. మోకాళ్ళ దాకా బురద. పైనుంచి కిందికి చూసి మెల్లగా అడిగింది. "భయపడకు. నిజం చెప్పు. ఈ ఫర్మ్ నీదేనా? నీ పేరు ఎవరన్నా వాడుకుంటున్నరా?"

నేను పక్కనే ఉన్నాను.

"నాదే మేడమ్" అన్నాడు.

ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే అన్నాడు. మూడోసారి కూడా అడిగింది. ఎందుకంత పట్టుదలో! ఆమె రాసుకుంది, అజమత్ సంతకం పెట్టాడు. మరి ఈయన ఎవరు అని నన్ను చూపిస్తే, "లెక్కలు సూస్తడు" అన్నాడు. నమస్తే పెట్టాను.

ఆగస్టు 20. బుధవారం

ఆసుపత్రికి డబ్బు కడదామని చెక్కు రాయబోతుంటే బాలస్వామి ఆపాడు.

"సేట్, దిమాక్ ఖరాబైందా? విచారణ ఫైలు ఇంకా మూయలే. గిప్పుడు కూలోని పెండ్లాం ఆపరేషన్‌కు మీ ఖాతాలకెళ్ళి లక్షలు పోతే, ఎందుకిచ్చిన్రు అని అడుగరా? ఫర్మ్ మీదే అని మీరే సాక్ష్యం ఇచ్చినట్టు. రెండు నెలలు ఆగుండ్రి."

ఫర్మ్ ఖాతాలోంచి కడదామన్నాను. దాని మీద కూడా కన్నుంటుందట. నగదు ఇవ్వొచ్చు కదా అని అమూల్య అంది. ఆడవాళ్ళకు ఎంత తేలిక! ఎక్కడిదని అడిగితే ఏం చెప్పాలి?

నేను ఇద్దామనుకున్నాను. చట్టమే ఒప్పుకోలేదు. బాలస్వామి ఆగమన్నప్పుడు నాకు తేలికగా అనిపించిందని కాదు.

అనిపించింది.

ఆగస్టు 22

రెండు రోజులు చూసి, అజమత్ కొత్త చొక్కా వేసుకుని, సంచి సర్దుకుని వచ్చాడు. హైదరాబాద్ పోదామని. వచ్చే వారం అన్నాను.

ఆగస్టు 25

ఐమన్ మళ్ళీ కలెక్టరేట్‌కు పోదామందట. అబద్ధపు సంతకం పెట్టినందుకు ఇప్పుడు ఏం చేస్తారోనని అజమత్‌కు భయం. అవును, చేస్తారు అన్నాను.

ఆగస్టు 28

ఫోను ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలి?

సెప్టెంబర్ 2. మంగళవారం

జహీరాబీ పోయింది. పొద్దున ఆయాసం ఎక్కువైతే ఆటోలో వికారాబాద్ బయలుదేరారట. దారిలోనే పోయింది. సాయంత్రానికి మట్టి చేశారు.

అమ్మకు చెప్పాను. అమ్మ అప్పుడే వేసుకోబోతున్న గోళీలు డబ్బాలో వేసి మూత పెట్టింది. తర్వాత వేసుకుంటుందిలే.

సెప్టెంబర్ 4. గురువారం

మూడో రోజు జియారత్ ప్రార్థనలకు పోయాను. పోకపోతే బాగుండదు. అమూల్య రానంది. అమ్మ నాతో మాట్లాడటం లేదు. ఒక్కణ్ణే పోయాను.

ఇంటి ముందు గుడ్డ పందిరి. పాతిక మంది ఉన్నారు. అజమత్ గోడకు ఆనుకుని ఉన్నాడు. అతని ముందు జహీరాబీ తమ్ముడు జీషాన్ నిలబడి ఉన్నాడు. చించోళిలో మెకానిక్ పని చేస్తాడు. కార్డు ఎందుకు పోయిందో అక్క పోయాక తెలిసిందట అతనికి. కార్డు తీసేసిన కాగితం చేతిలో ఉంది.

"నీ పేరు మీద ఫ్యాక్టరీ ఉన్నదంట! కోట్ల యాపారమంట! ఉన్నదా లేదా?"

అజమత్ టోపీ సర్దుకున్నాడు.

"మా అక్క ఊపిరాడక సస్తుంటే కోట్లు ఏడ దాచినవ్ రా? చందాలు వేసుకుని మేము జేపిద్దుము కద! ఒక్క మాట చెప్తివా?"

అప్పుడు జీషాన్ నన్ను చూశాడు. నా తెల్లచొక్కా చూసి దగ్గరికి వచ్చాడు. "సార్, మీరు చదువుకున్నోళ్ళు. ఆడ లెక్కలు సూస్తరంట కద. మీరు చెప్పుండ్రి. గా ఫ్యాక్టరీ ఎవరిది?"

పందిరిలో అందరూ నన్నే చూశారు. గడపలో ఐమన్ నిలబడి ఉంది. తల మీద తెల్ల దుపట్టా. తండ్రి వంక చూసింది, నా వంక చూసింది. ఒక్క మాట చాలు. చచ్చిపోయిన మనిషికి ఇక కార్డు అక్కర్లేదు, ఆపరేషన్ అక్కర్లేదు. ఆ మాట అజమత్ కోసం మాత్రమే. పైసా ఖర్చు లేదు.

కానీ పాతిక మంది ఉన్నారు. ఒకరి నోట్లోంచి ఒకరికి పోతుంది. ఫైలు ఇంకా మూయలేదు.

"అజమత్‌దే" అన్నాను.

జీషాన్ వెనక్కి తిరిగి అజమత్ చెంప మీద కొట్టాడు. టోపీ కింద పడింది. రెండోసారి కొట్టాడు. ఎవరూ ఆపలేదు. ఒక ముసలాయన మొహం తిప్పుకుని ఉమ్మాడు. ఐమన్ పరుగెత్తుకొచ్చి తండ్రికి అడ్డంగా నిలబడి, "ఆయనది కాదు మామూ, ఆయనది కాదు" అని అరిచింది. అజమత్ ఆ పిల్ల నోటి మీద చేయి పెట్టి మూశాడు.

"నాదే" అన్నాడు. "నాదే ఉండె."

నేను అక్కడ ఇంకా ఎందుకు నిలబడ్డానో తెలియదు. బయటికి వచ్చేసరికి అజమత్ నా వెనకే వచ్చాడు. చెంప ఎర్రగా కమిలింది. ఎప్పటిలాగే కారు తలుపు తీసి పట్టుకున్నాడు. నేను ఎక్కి కూర్చున్నాక తలుపు వేయకుండా కొంచెం వంగాడు. తిడతాడేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే తిట్టాలని కోరుకున్నాను.

"సోమారం సంది పనికొస్త సేట్" అన్నాడు.

సరే అన్నాను.